కొండలూ అడవులూ తిరిగిన నాన్న గురించి పుస్తకం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారు పోయి నాలుగు నెలలైంది. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే సెలవు దొరికితే నల్లమలలోకి వెళ్ళేవారు, శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం నడిచేవారు, రిటైరయ్యాక రెండుసార్లు హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళొచ్చారు. సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి బంధువులకు, స్నేహితులకు ఇవ్వాలని మీ కోరిక. రాయడానికి కూర్చుంటే బయోడేటాలా వస్తోంది. అమ్మను అడిగితే "మీకు తెలియనిదేముంది" అని లేచి వెళ్ళిపోతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను.

పుట్టుకతో మొదలుపెట్టకండి. ఆయన చేసిన ఒక్క ప్రయాణం తీసుకుని, ఇంట్లో సంచి సర్దుకోవడం దగ్గర మొదలుపెట్టి, తిరిగొచ్చి గడప ముందు బూట్లు విప్పేదాకా పూర్తిగా రాయండి. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అన్నీ ఆ ప్రయాణం మధ్యలో వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. ఇంకో మాట. అడవిలో ఆయన ఏం చేశారన్నది సగం కథే. ఆయన బయల్దేరాక ఇల్లు ఎలా ఉండేది, వచ్చాక ఎలా ఉండేది అన్నది మిగతా సగం. మొదటి సగం స్నేహితులు చెబుతారు. రెండో సగం మీ ఇంట్లోవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ రాయలేరు.

నేనెవరో చెప్పకుండా ఇంత గట్టిగా చెప్పడం బాగుండదు. పంతొమ్మిదేళ్ళు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా చేశాను. అక్కడ మానేశాక స్మృతి సంచికలు రాసిపెట్టడం నా పనైంది. ఇప్పటికి నలభై దాకా చేశాను. వాటిలో మొదటిది మా ఆయన గురించి. ఆయన జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవారు. శనివారం మధ్యాహ్నం క్లాసులు అవగానే నంద్యాల–గిద్దలూరు బండెక్కి చలమలోనో, దిగువమెట్టలోనో దిగి నల్లమలలోకి వెళ్ళిపోయేవారు. అప్పటికింకా అది మీటర్ గేజ్ లైను. ఆదివారం రాత్రి బండికి తిరిగొచ్చేవారు. ఒక్కోసారి సోమవారం పొద్దున. కాబట్టి మీరు అడిగినదానికి ఇటు పని తెలిసిన మనిషిగానూ, అటు గడపలో కూర్చుని ఎదురుచూసిన మనిషిగానూ చెబుతున్నాను.

బయోడేటాలా ఎందుకు వస్తుందంటే, మనకు తెలిసిన నమూనా అదొక్కటే. పేపర్లో నివాళి ప్రకటన, పెద్దకర్మ కార్డు, సంతాప సభలో మైకు ముందు మాట్లాడే నాలుగు ముక్కలు. వాటిలో మనిషి ఎవరైనా అవే మాటలు: స్నేహశీలి, మృదుస్వభావి, నిరాడంబరుడు, ప్రకృతి ప్రేమికుడు. డెస్కులో ఉన్నప్పుడు ఈ మాటలు నేనే కొన్ని వందలసార్లు రాసుంటాను. అవి అబద్ధాలని కాదు. పేరు మార్చి ఎవరికి అతికించినా అతుకుతాయి, అదే వాటితో చిక్కు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకబ్బాయి వాళ్ళ నాన్న గురించి "నాన్నగారు గొప్ప ప్రకృతి ప్రేమికులు, అడవి అంటే ప్రాణం" అని రాసుకొచ్చాడు. అడవిలో ఆయన ఏం చేసేవారో ఒక్కటి చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, "చెట్టు కింద కూర్చునే ముందు చేతికర్రతో నేలమీద మూడుసార్లు తట్టేవాడు. మమ్మల్నీ తట్టమనేవాడు. ఇంట్లో పాత సామాన్ల గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా తలుపు మీద మూడుసార్లు తట్టేవాడు" అన్నాడు. పై రెండు వాక్యాలు కొట్టేసి ఈ మూడూ వేశాం. పుస్తకం పంచినరోజు ఆ ఊళ్ళో నలుగురైదుగురు ఆ పేజీ తెరిచి పక్కవాళ్ళకు చూపించడం నా కళ్ళతో చూశాను.

రికార్డులున్నవాళ్ళ సంగతి వేరు. నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. నిజామాబాద్ వైపు పల్లెపిల్ల మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్ళ గురించి రాసేటప్పుడు ఆ అంకె చెప్పగానే చదివేవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. మీ నాన్నగారికి అలాంటి అంకె లేదు, అవసరమూ లేదు. సెలవు దొరికితే చాలు, ఆయన పొద్దున లేచి అడవికి ఎందుకు వెళ్ళాడన్నదే మీ కథ. అలాంటి మనిషి కథను ఒక రోజు నడిపించాలి, ఒక అంకె కాదు.

ఏ ప్రయాణం ఎంచుకోవాలి? చాలామంది అన్నిటికన్నా పెద్దది తీసుకుంటారు. మీరైతే బహుశా హిమాలయాల ట్రెక్ రాద్దామనుకుంటారు. నా సలహా వేరు. ఆయన ఎక్కువసార్లు వెళ్ళిన దారి రాయండి. హిమాలయాలకు రెండుసార్లే వెళ్ళారు. శివరాత్రి నడక మాత్రం ఏటా చేశారంటున్నారు. దారిలో వచ్చే మజిలీలు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఆ పేర్లు మీ ఇంట్లో ఎన్నిసార్లు వినబడి ఉంటాయో ఆలోచించండి. ఏటా వెళ్ళిన దారైతే ముప్ఫై ఏళ్ళ జీవితం అందులోనే చెప్పొచ్చు: పెళ్ళైన కొత్తలో వెళ్ళినప్పుడు, మీరు పుట్టిన ఏడాది, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, చివరిసారి. అదే దారి, మారుతున్న మనిషి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి కదా, ఆ మెట్ల దగ్గర ఆయన ఏ వయసులో ఎన్నిసార్లు ఆగేవారో స్నేహితులను అడగండి. అది చాలు, వయసు గురించి వేరే పేరా రాయక్కర్లేదు. హిమాలయాలు ఒక పేజీలో చెప్పేయొచ్చు.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

మా ఆయన పోయినప్పుడు ఆయన స్నేహితులు ఇంటికొచ్చి, "మేడమ్, సార్ గురించి మీరు నాలుగు మాటలు చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. ఆ రోజు నా నోట మాట రాలేదు. అందరి గురించీ రాసే ఉద్యోగం చేసినదాన్ని, ఒక్క ముక్క రాలేదు. "ఆయన ఎలాంటివారు?" అంటే ఏం చెబుతాం? ముప్ఫై ఏళ్ళు కలిసి బతికిన మనిషిని "ఎలాంటివారు" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. నెల తర్వాత మా పెద్దమ్మాయి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, "అమ్మా, నాన్న సంచిలో ఏమేం పెట్టేదానివి?" అని అడిగింది.

గంటసేపు మాట్లాడాను. పులిహోర అయితే మర్నాటి దాకా పాడవదు కాబట్టి మొదటి పూటకి కాదు, రెండో పూటకి ఉంచమనేదాన్ని. ఉల్లిపాయ పడినవేవీ పెట్టేదాన్ని కాదు. సజ్జరొట్టెలు, కారప్పొడి, వేరుశెనగ ఉండలు. అగ్గిపెట్టె రెండు చోట్ల పెట్టాలి, ఒకటి తడిసినా రెండోది ఉంటుంది. రెండు బ్యాటరీల టార్చిలైటులో ఒక బ్యాటరీ తలకిందులుగా పెట్టేదాన్ని, సంచిలో ఒత్తిడికి దానంతటదే వెలిగి ఖాళీ అయిపోకుండా. ఆ చిట్కా ఆయనే నేర్పారు. ఇదంతా చెబుతుండగా నాకే ఒక విషయం తట్టింది. తిరిగొచ్చాక ఆయన ప్యాంట్లు ఉతికేది నేనే. వానలు తగ్గాక వెళ్ళొస్తే మోకాళ్ళ దాకా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉండేవి. అవి నీళ్ళకు పోవు. బకెట్ దగ్గర కూర్చుని గోటితో ఒక్కొక్కటీ తియ్యాలి. ఎడమ కాలివైపు ఎక్కువుండేవి. ఎందుకా అని అనుకునేదాన్ని. ఆయన పోయాక స్నేహితుల్లో ఒకాయన చెప్పారు: సన్నటి బాటలో ఆయన ఎప్పుడూ ఎడమ అంచున నడిచేవారట, వెనక వచ్చే కుర్రాళ్ళకు నడిమి బాట వదిలి.

మా పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయిన పేజీ అదే. అది ఆయన స్నేహితుడి దగ్గర సగం, నా బట్టల బకెట్ దగ్గర సగం ఉంది. రెండూ కలిస్తేనే ఒక మనిషి నడక కళ్ళకు కట్టింది.

అందుకే చెబుతున్నాను. అమ్మను "నాన్న గురించి చెప్పు" అనకండి. చేతులతో చేసిన పనులు అడగండి. ఏం కట్టిచ్చేవారు? బయల్దేరే ముందురోజు ఇంట్లో ఏం గొడవ జరిగేది? ఫోన్లు లేని రోజుల్లో చెప్పిన టైముకి రాకపోతే ఎవరింటికి వెళ్ళి అడిగేవారు? రాగానే ముందు స్నానమా, ముందు భోజనమా? మురికి సంచి ఇంట్లో ఎక్కడ పెట్టనిచ్చేవారు? ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తెరవకండి. చిక్కుళ్ళు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో అడగండి. ఫోన్లో రికార్డ్ చేసుకోవాలంటే ముందే చెప్పి చెయ్యండి. చెప్పకుండా చేస్తే తర్వాత తెలిసినప్పుడు బాధపడతారు. ఒక ఇంట్లో అలాగే జరిగింది, ఆ తల్లి పుస్తకంలో తన మాటలన్నీ తీసేయించింది.

స్నేహితుల దగ్గరికి మాత్రం ఈ నెలలోనే వెళ్ళండి. సంవత్సరీకానికి ఇంకా ఎనిమిది నెలలుంది కదా అని ఆగొద్దు. ఆయనతో నడిచినవాళ్ళు ఆయన ఈడువాళ్ళే కదా. విడివిడిగా కాకుండా ఇద్దర్నీ ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టండి. ఒకాయన చెబుతుంటే ఇంకొకాయన "కాదురా, అది సలేశ్వరం వెళ్ళినప్పుడు" అని సరిచేస్తాడు. అసలు సంగతులు ఆ సరిదిద్దుకోవడంలో బయటపడతాయి. ఒకసారి ముగ్గురు స్నేహితులు ఒకే ఎలుగుబంటి కథ మూడు రకాలుగా చెప్పారు. వెంటపడిందని ఒకరు, ఎదురుగా నిలబడి వెళ్ళిపోయిందని ఒకరు, అసలు కనబడనే లేదు, పొదలో చప్పుడు విని మేమే పరిగెత్తామని ఒకరు. ఏది నిజమో తేల్చే పని పెట్టుకోలేదు. మూడూ వాళ్ళ మాటల్లోనే వేశాం. మూడింటిలోనూ ఒకటి మాత్రం మారలేదు. పరిగెత్తినా, నిలబడినా ఆ పోయినాయన అందరికన్నా చివర్న ఉన్నాడు. ఆయన భార్య అది చదివి, "చెప్పనే లేదు నాకు" అని మాత్రం అన్నారు.

నాన్నగారు పోయాక తొలి వారం పది రోజుల్లో వాట్సాప్‌లో వచ్చిన సంతాప సందేశాలు కూడా దాచుకోండి. ఎక్కువ భాగం దండం బొమ్మలే ఉంటాయి. మధ్యలో ఎవరో ఒకరు "1996లో మా తమ్ముడిని వీపు మీద మోసుకొచ్చారు సార్" అని రాసి ఉంటారు. ఆ నంబరుకు ఫోన్ చెయ్యాలి.

తేదీలు, వివరాలు. ఇక్కడ కొంచెం కఠినంగా ఉండండి. కొండల విషయంలో ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ తప్పులు రాస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక రాతలో "నాన్నగారు కైలాస పర్వతం అధిరోహించారు" అని ఉంది. 6,638 మీటర్ల ఆ కొండను ఎవరూ ఎక్కరు. యాత్రికులు చేసేది దాని చుట్టూ సుమారు 52 కిలోమీటర్ల పరిక్రమ. అందులో డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అరవై దాటిన మనిషి దాన్ని దాటడం చిన్న సంగతా? ఉన్నది ఉన్నట్టు రాస్తేనే గొప్పగా ఉంది. అలాగే ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా వెళ్ళినవాళ్ళను ఇంట్లోవాళ్ళు "ఎవరెస్ట్ ఎక్కారు" అనేస్తుంటారు. నేపాల్ వైపు బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, శిఖరం 8,848 మీటర్ల పైన. ఆ తేడా తెలిసిన స్నేహితుడు ఒక్కడు చదివినా మిగతా పుస్తకాన్ని కూడా అనుమానంగా చూస్తాడు. మీ నాన్నగారు ట్రెక్కింగ్‌లు నడిపే యూత్ హాస్టల్స్ సంస్థ వాళ్ళతో వెళ్ళుంటే బీరువాలో సర్టిఫికెట్ ఉండాలి, వెతకండి. రైలు టికెట్లు, డైరీలు, ఎల్‌టీసీ (ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ) కాగితాలు కూడా చూడండి. ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ళలో ఈ కాగితాలు పాత సూట్‌కేసులో అడుగున దొరుకుతాయి.

పాత ఫొటోల వెనక తేదీ లేకపోతే ఫొటోలోకే చూడండి. మా ఆయన దగ్గర నేర్చుకున్న విద్య ఇది. ఆకులన్నీ రాలిపోయి కొమ్మల నిండా ఎర్రగా మోదుగ పూలున్నాయంటే అది ఫిబ్రవరి, మార్చి. అంటే మీ విషయంలో శివరాత్రి నడకదే కావచ్చు. వాగు నిండుగా పారుతుంటే వానాకాలమో, ఆ తర్వాతి నెలలో. సంవత్సరం తెలుసుకోవాలంటే పక్కనున్న పిల్లల ఎత్తు చూడండి. చేతికి ఏ వాచీ ఉందో, మెడలో ఏ మఫ్లర్ ఉందో అమ్మకు చూపిస్తే "ఇది మీ అత్త పెళ్ళికి కొన్నది" అని ఇట్టే చెప్పేస్తారు. అలా మాట కలిసి ఇంకో గంట గడుస్తుంది.

ఊళ్ళ పేర్లు రాసేటప్పుడు జిల్లాలు జాగ్రత్త. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారాయి. ఆయన తిరిగిన రోజుల్లో ఆత్మకూరు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. సలేశ్వరం అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. నేనైతే ఆనాటి పేరే రాసి, ఒకే ఒక్కసారి "ఇప్పటి నంద్యాల జిల్లా" అని పక్కన పెడతాను.

ఇంకో జాగ్రత్త. నల్లమలలో చాలా భాగం 1983 నుంచి పులుల అభయారణ్యం కింద ఉంది. ఈ రోజు అనుమతి లేకుండా లోపలికి వెళ్తే కేసవుతుంది. మీ నాన్నగారి పుస్తకం చదివి ఏ మేనల్లుడో ఉత్సాహంగా బైకు వేసుకుని బయల్దేరకూడదు. సలేశ్వరం జాతర రోజుల్లో, శివరాత్రి నడక దారి తెరిచిన రోజుల్లో వెళ్ళిన సంగతులు హాయిగా రాయండి. మిగతావి రాసినా "ఆ రోజుల్లో" అన్న మాట స్పష్టంగా ఉండాలి, దారి గుర్తులు పూసగుచ్చినట్టు ఇవ్వకండి.

గారు పెట్టాలా, వద్దా? ఈ ఒక్క విషయం మీద తగాదా పడని కుటుంబాన్ని నేను చూడలేదు. మీరు ఇంట్లో "నాన్న వచ్చాడు" అనేవారా, "నాన్నగారు వచ్చారు" అనేవారా? ఎలా పిలిచారో అలాగే రాయండి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. "నాన్న వచ్చాడు" అనే ఇంట్లో పుస్తకం కోసం "నాన్నగారు విచ్చేశారు" అని రాస్తే ఆ మనిషి మీ ఇంట్లోంచి లేచి వెళ్ళి వేదిక మీద కూర్చుంటాడు. పెదనాన్నలు, మావయ్యలు మర్యాద తగ్గిందంటే అట్ట మీదా, మొదటి పేజీలోనూ పేరు పక్కన గారు పెట్టి, లోపల మీ పిలుపు మీరు ఉంచుకోండి. వేరేవాళ్ళు రాసిన పేజీల్లో వాళ్ళ పిలుపు వాళ్ళది: ఒకరికి "అన్న", ఒకరికి "ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సారు", ఒకరికి "ఒరేయ్". వాటిని కలిపి ఒకటి చెయ్యొద్దు.

ఇక అందరూ భయపడే విషయం. ఇలాంటి మనుషుల ఇళ్ళలో ఒక కోపం ఉంటుంది. పండక్కి లేడు. పరీక్షలప్పుడు లేడు. చంటిపిల్లకు జ్వరమొస్తే లేడు. మా ఇంట్లోనూ ఉంది. మా చిన్నదానికి రెండో ఏట ఒక ఆదివారం రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆయన బండి ఆరు గంటలు ఆలస్యం. పక్కింటాయన స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆయన వచ్చాక మూడు నెలలు ఏ అడవికీ వెళ్ళలేదు. నేను వెళ్ళొద్దనలేదు. మూడు నెలల తర్వాత నేనే సంచి తీసి బయట పెట్టాను, ఎందుకంటే ఇంట్లో కూర్చున్న ఆ మనిషి నాకు తెలిసిన మనిషిలా లేడు. ఇది పుస్తకంలో రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాశాను. పిల్లలు పెద్దయ్యాక, వాళ్ళ నాన్న తిరుగుళ్ళన్నిటి వెనకా ఇంట్లో ఏం జరిగిందో తెలియాలనిపించింది.

మీ ఇంట్లో అలాంటిదేదైనా ఉంటే, అమ్మ ఒప్పుకుంటేనే, ఒక్కటి రాయండి. ఒక్కటే. ఒక నిష్ఠూరం చదివినవాళ్ళు మిగతా పొగడ్తలన్నీ నమ్ముతారు. కానీ పంచాయితీలు, అప్పులు, అన్నదమ్ముల గొడవలు వద్దు. అవి నివాళిలో తీరవు.

మీ నాన్నగారు ఎలా పోయారో మీరు రాయలేదు, నేనూ అడగను. ఒకవేళ ప్రయాణంలోనే పోయుంటే, తేదీ, చోటు, రెండు వాక్యాలు. అంతకు మించి చివరి నిమిషాల వర్ణన వద్దు, ఆ పుస్తకం మనవలూ చదువుతారు. "తనకిష్టమైన పని చేస్తూనే కన్నుమూశారు" అన్న వాక్యం దయచేసి రాయకండి. ఓదార్పుగా అంటారు, నాకు తెలుసు. రిజర్వాయర్‌లో ఈతకు వెళ్ళి తిరిగిరాని ఒకాయన పుస్తకంలో ఆ వాక్యం ముందు నేనే పెట్టాను. ప్రూఫ్ చూస్తూ ఆయన భార్య ఆ లైను మీద వేలుపెట్టి, "ఆయనకు ఇష్టమైన పని ఇంటికి రావడం కూడా" అన్నారు. అప్పటినుంచి ఆ వాక్యం ఎవరి పుస్తకంలోనూ రాయలేదు.

ముద్రణ సంగతులు గబగబా చెప్పేస్తాను. 1/8 డెమ్మీ సైజు బాగుంటుంది, చేతిలో ఇముడుతుంది. ఆ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. రెండు ఫారాలు, అంటే 32 పేజీలు మీకు సరిపోతాయి. అంతకు మించితే బంధువులు చదవరు, దాచిపెడతారు. 32 పేజీలకు సెంటర్ పిన్నింగ్, అంటే మధ్య మడతలో పిన్నులు కొట్టడం చాలు. ఫొటోలన్నీ చెల్లాచెదురుగా వెయ్యకుండా మధ్యలో నాలుగు పేజీలు ఆర్ట్ పేపర్ (నున్నటి మెరుపు కాగితం) మీద వేయించండి. పాత ప్రింట్లను ఫోన్‌తో ఫొటో తీయకండి, స్కాన్ చేయించండి. చిన్న ఫొటోలైతే 600 డీపీఐ. డీటీపీ వాళ్ళకు, అంటే పేజీలు కంపోజ్ చేసేవాళ్ళకు, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేస్తారు, వాళ్ళు ఎక్కువగా ముద్రణలో వాడే అను ఫాంట్లలోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి. కాబట్టి ప్రూఫ్ కాగితం మీదే చూడండి, రెండుసార్లు, రెండోసారి ఇంకెవరితోనైనా. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, ఇంటిపేర్లు విడిగా ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి. పుస్తకంలో తన పేరు తప్పు పడితే ఎవరైనా జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

చివరి రెండు పేజీలు ఖాళీగా వదలమని నేను అందరికీ చెబుతాను. పంచినరోజే ఎవరో ఒకరు "ఇది రాయలేదేంటి" అంటారు. పెన్ను ఇచ్చి, ఇంటి ప్రతిలో ఆ పేజీల మీద వాళ్ళ చేతే రాయించండి. మా ఇంటి ప్రతిలో ఆ రెండు పేజీలూ నిండి, ఇప్పుడు వెనక అట్ట లోపలివైపు రాస్తున్నారు. పోయినేడాది చలమ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, మా ఆయన తనకు ఒక చాకు ఇచ్చారని, అది ఇంకా ఉందని రాయించుకుని వెళ్ళారు. ఆయనకు రాయడం రాదు. ఆయన చెబుతుంటే మా మనవరాలు రాసింది.

ముందు అమ్మ దగ్గర కూర్చుని ఆ సంచి సంగతి అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు, మీ మాటలు కలపకుండా ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఆయన బూట్లు ఇంకా ఉన్నాయా? ఉంటే కడగకుండా ముందు ఒక ఫొటో తీసి ఉంచండి.